వేడినీళ్ళ మంటకు కాపలా

ధనుర్మాసపు చలిలో, తెల్లవారుజామున, అందరికంటె ముందు మేలుకొనునది నీళ్ళపొయ్యి. మన పాత యిండ్లలో వేడినీళ్ళ ఏర్పాటు ఎట్లుండెడిదో పెద్దలకు జ్ఞాపకముండును. సామాన్యుల పెరటిలో మూడు రాళ్ళమీద మసిబారిన కాగు. కొంచెము కలిగినవారి యింట రాగి బాయిలరు. దాని నడుమ నిలువు గొట్టము, ఆ గొట్టములో బొగ్గులు, కొబ్బరిచిప్పలు. అడుగున బూడిద రాలు జల్లెడ. ప్రక్కన ఇత్తడి కుళాయి. కాగైనను బాయిలరైనను దాని చోటు మాత్రము ఒక్కటే. పెరడు. నీళ్ళు కాగిన తరువాత బిందెతోనో బకెట్టుతోనో స్నానపు గదిలోనికి మోసికొని పోవలసినదే. నిప్పు బయట, నీళ్ళు లోపల.

మన పెద్దలు రసాయనశాస్త్రము చదివి ఈ ఏర్పాటు చేయలేదు. పొగకు కండ్లు మండును, గోడలు నల్లబడును. అందుచేత పొయ్యిని బయటకు పంపినారు. పొగను తిట్టుకొనుచునే పొగ చెప్పిన మాట విన్నారు.

నేడు ఇంధనము మారినది. సిలిండరు వచ్చినది, గోడకు తగిలించు చిన్న గ్యాసు గీజరు వచ్చినది. కుళాయి త్రిప్పినంతనే టిక్కుటిక్కుమని చప్పుడు, భుగ్గుమని నీలిమంట, అర నిమిషములో వేడినీళ్ళు. పొగ లేదు, మసి లేదు, బూడిద లేదు. ఇది సామాన్యమైన సుఖము కాదు. అయితే పొగతోపాటు పొగ చేయుచుండిన హెచ్చరికయు పోయినది. నిప్పు పెరటిని విడిచి, గొళ్ళెము బిగించుకొన్న స్నానపు గదిలోనికి వచ్చి కూర్చున్నది. ఈ మార్పులో ఉన్న అపాయమేమి, ఆ యంత్రమునకు అమర్చిన అదుపులు దేనిని కాయును, దేనిని కాయలేవు, వానిని అమర్చునప్పుడు మనము చూచుకొనవలసినదేమి అను విషయములను ఈనాడు మనవి చేయుదుము.

మొదట మా యింట జరిగిన సంగతి ఒకటి చెప్పవలసి యున్నది. 2018 సంక్రాంతికి మా అక్కగారు, బావగారు మా యింటికి వచ్చినారు. అంతకు నెల ముందే స్నానపు గదిలో గ్యాసు గీజరు పెట్టించితిమి. బయట బాల్కనీలో పెట్టవచ్చునా అని అడిగితిమి గాని, అంత దూరము గొట్టము వేయవలెననిన గోడ పగులగొట్టవలెను, ఖర్చగును అని అమర్చినవాడు చెప్పగా సరే యంటిమి. భోగినాడు తలంటు. పిల్లల స్నానములు వరుసగా అయినవి. చివరకు అక్కగారు వెళ్ళినది. చలిగాలి వచ్చుచున్నదని కిటికీ మూసినది. పావుగంట గడచినను నీళ్ళ చప్పుడు మాత్రము ఆగలేదు. పిలిచిన పలుకలేదు. బావగారు భుజముతో తలుపు నెట్టగా, అదృష్టవశమున గొళ్ళెపు మరలు ఊడివచ్చినవి. ఆమె గోడకు చేరగిలబడి, తెలివి లేక ఉన్నది. నెత్తిమీద నీలిమంట చక్కగా మండుచునే ఉన్నది.

ఆసుపత్రిలో ప్రాణవాయువు పట్టగా సాయంత్రమునకు మాటలాడినది. మరునాడు ఆ గీజరు అమర్చినవాడు వచ్చినాడు. మూత విప్పి, అన్నియు పరీక్షించినాడు. “మిషనులో ఏ లోపమూ లేదండి, అన్నీ సరిగానే పనిచేస్తున్నాయి” అన్నాడు. మాకు కోపము వచ్చినది. తరువాత ఈ విషయము నేర్చుకొనుకొలది తెలిసినదేమనగా, అతడు చెప్పినది అక్షరాల నిజము. యంత్రములో లోపము లేదు. ప్రతి అదుపును తన పని తాను చేసినది. మా అక్కగారిని కాయు పని మాత్రము వానిలో దేనికిని అప్పగింపబడలేదు.

ఈ యంత్రమునకు ఆ అదుపులు ఎట్లు వచ్చినవో కొంచెము తెలిసికొందము. లండనులో బెంజమిన్ వాడీ మాన్ అను ఆయన 1868లో, నీరు ప్రవహించుచుండగానే గ్యాసు మంటతో వేడిచేయు సాధనమును కనిపెట్టి, ఐస్‌లాండ్ దేశపు వేడినీటి ఊటల పేరిట దానికి గీజరు అని పేరు పెట్టినాడు. దానికి పొగగొట్టము లేదు; అదుపన్నదియు లేదు. మొదట నీరు వదలవలెను, పిదప గ్యాసు త్రిప్పవలెను, పిదప అగ్గిపుల్ల గీయవలెను. వరుస తప్పినచో ముప్పు. ఆపునప్పుడును అంతే. అనగా యంత్రపు భద్రత అంతయు వాడు మనిషి జ్ఞాపకశక్తి మీద ఆధారపడి యుండెను. నిద్రమత్తులో నున్న మనిషి జ్ఞాపకశక్తి ఎంతటిదో మనకందరకు తెలిసినదే. ఆనాటినుండి నేటివరకు గీజరు చరిత్ర యనగా, మనిషి మరచిపోగల ఒక్కొక్క పనిని ఒక్కొక్క అదుపునకు అప్పగించిన చరిత్రయే.

మన యిండ్లలోని గీజరులో ముఖ్యముగా నాలుగు అదుపులు కలవు. వానిని నలుగురు కాపలాదారులని భావింపుడు.

మొదటివాడు నీటిని కాచువాడు. నీరు వచ్చు దారిలో ఒక పలుచని రబ్బరు పొర యుండును. నీరు తగినంత వేగముతో పారినప్పుడు ఆ పొర ఒక ప్రక్కకు వంగి, ఒక చిన్న కడ్డీని నెట్టును. అప్పుడే గ్యాసు దారి తెరచుకొనును. నీరు ఆగిన పొర వెనుకకు వచ్చును, గ్యాసు మూసికొనును. నీరు లేని గొట్టము క్రింద మంట మండకుండ కాయునది ఇదే.

రెండవవాడు మంటను కాచువాడు. రెండు బ్యాటరీల శక్తితో మెరుపు పుట్టించి మంటను వెలిగించుట ఒక భాగము. వెలిగిన మంట ఆరిపోయినదా అని కనిపెట్టుచుండుట రెండవ భాగము. మంటలోనికి చొచ్చియున్న సన్నని లోహపు కడ్డీ ద్వారా ఈ కనిపెట్టుట జరుగును. మంట లేదని తేలిన కొద్ది సెకనులలో విద్యుత్ కవాటము గ్యాసును మూయును. మండని గ్యాసు ఇంట నిండకుండ కాయునది ఇదే.

మూడవవాడు వేడిని కాచువాడు. నీరు హద్దుమీరి కాగినచో మంటను ఆర్పును. నాలుగవవాడు కాలమును కాచువాడు. అనేక గీజరులలో ఇరువది నిమిషములు ఏకధాటిగా మండిన పిదప మంట తానే ఆరిపోవు ఏర్పాటు కలదు.

నీటికి ఒకడు, మంటకు ఒకడు, వేడికి ఒకడు, కాలమునకు ఒకడు. మరి గాలికి? సామాన్యమైన గీజరులో గాలిని కాచువాడు లేడు. గదిలో ప్రాణవాయువు తగ్గినప్పుడు ఆర్పివేయు అదుపు కొన్నిటిలో మాత్రమే కలదు. ఈ ఒక్క ఖాళీలోనుండియే మృత్యువు లోనికి వచ్చుచున్నది.

ఇందులో ఒక చిన్న లెక్క ఉన్నది. నిమిషమునకు 6 లీటర్ల నీటిని 25 డిగ్రీల మేర వేడిచేయు గీజరు నిమిషమునకు సుమారు 16 గ్రాముల గ్యాసును మండించును. ఒక గ్రాము గ్యాసు పూర్తిగా మండుటకు ఇంచుమించు 13 లీటర్ల గాలి కావలెను. అనగా నిమిషమునకు 200 లీటర్లకు పైగా గాలి. అయిదడుగుల వెడల్పు, ఆరడుగుల పొడవు, తొమ్మిదడుగుల ఎత్తు గల స్నానపు గదిలో పట్టు గాలి మొత్తము 7,600 లీటర్లు. గది సందులేకుండ మూసియున్నదనుకొన్నచో, పది నిమిషములలో ఆ గాలిలో నాలుగవ వంతుకు మించి మంటకే చెల్లిపోవును. కాలమును కాయువాడు ఇరువది నిమిషములకు మేలుకొనుసరికి సగమునకు పైగా అయిపోయి యుండును. తలుపు క్రింది సందునుండి కొంత గాలి వచ్చును, నిజమే. కాని చలికాలములో ఆ సందునకు పాతగుడ్డ కుక్కువారును కలరు.

మంచి గాలిలో ప్రాణవాయువు నూటికి 21 పాళ్ళు. అది 18 పాళ్ళ ప్రాంతమునకు దిగుసరికి మంట నడక మారును. పూర్తిగా మండవలసిన గ్యాసు సగము సగముగా మండి, బొగ్గుపులుసు వాయువునకు బదులు కార్బన్ మోనాక్సైడ్ అను విషవాయువును విడుచును. మా లెక్కలోని గదిలో ఈ స్థితికి అయిదారు నిమిషములు చాలును. ఆ వాయువునకు రంగు లేదు, వాసన లేదు, కంటికి మంట లేదు. సిలిండరు గ్యాసునకు మనకు తెలియుటకై ఘాటైన వాసన కలుపుదురు గదా, ఆ వాసన రాదా అని అడుగవచ్చును. రాదు. ఆ వాసన మండని గ్యాసుకు; ఇది మండగా పుట్టినది.

ఇది మనిషిని ఎట్లు చంపునో ఫ్రాన్సు దేశపు శరీరశాస్త్రజ్ఞుడు క్లాడ్ బెర్నార్డ్ 1857లో వెల్లడించినాడు. మన రక్తములోని హీమోగ్లోబిన్ ప్రాణవాయువును మోయు బండి వంటిది. కార్బన్ మోనాక్సైడ్ ఆ బండిని ప్రాణవాయువుకంటె 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకొనును. ఒకసారి ఎక్కి కూర్చున్న త్వరగా దిగదు. మొదట తలనొప్పి, కండ్లు తిరుగుట, కడుపులో త్రిప్పుట. పిదప కాళ్ళు స్వాధీనము తప్పును. ఏదో జరుగుచున్నదని మనసునకు తట్టుసరికి, గొళ్ళెము వరకు చేయి పోదు. స్నానపు గదులలో గ్యాసు గీజరువలన కలుగు ఈ మూర్ఛలను మన దేశపు వైద్యులు ‘గ్యాస్ గీజర్ సిండ్రోమ్’ అను ప్రత్యేకమైన పేరుతో వ్యవహరించుచున్నారనిన ఇది ఎంత తరచుగా వారి కంటబడుచున్నదో ఊహింపవచ్చును.

అందువలన గీజరునకు మొట్టమొదటి అదుపు యంత్రములో లేదు, దాని చోటులో ఉన్నది. చోటు సరిగా ఎంచుకొన్న మిగిలిన నాలుగు అదుపులు మనలను కాయును. చోటు తప్పిన నాలుగును కలిసి కాయలేవు.

చోటు ఎట్టిదై యుండవలెను? గీజరును స్నానపు గదిలోగాని, పడకగదిలోగాని పెట్టరాదు. వంటింటి వెనుక బాల్కనీయో, పెరటి గోడయో, ఎడతెగక గాలి ఆడు చోటు కావలెను. వేడినీటిని గొట్టము ద్వారా లోనికి తెచ్చుకొనవలెను. అప్పుడు బయటకు పోవు మంటగాలి తిరిగి లోనికి రాకుండ, స్నానపు గది కిటికీకిగాని పడకగది కిటికీకిగాని క్రిందను, ప్రక్కనే ఆనుకొనియు లేకుండ చూడవలెను. వానజల్లు, సూటిగా కొట్టు ఈదురుగాలి తగులకుండ చూరు ఉండవలెను గాని, గాలి వంకతో ఆ బాల్కనీని అద్దములతో బిగించరాదు. బాల్కనీని అద్దములతో మూసిన నాడు అదియును ఒక గదియే అగును. గీజరు మండని గోడమీద, నిట్టనిలువుగా, మంట కనబడు రంధ్రము మన కంటికి ఎదురుగా వచ్చు ఎత్తున ఉండవలెను.

గదిలోనే పెట్టక తప్పదనువారికి ఒక రకము కలదు. అది గదిగాలిని ముట్టదు. గోడగుండ పోవు గొట్టముతో బయటి గాలిని తెచ్చుకొని, మండిన గాలిని బయటకే విడుచును. దాని పెట్టె పూర్తిగా మూసియుండును. ఆ రకము తప్ప మరి ఏ గీజరును గదిలో ఉండదగదు. కిటికీకి ఎగ్జాస్ట్ ఫ్యాను ఉన్నది గదా, చాలదా అందురు. చాలదు. ఫ్యాను వేయుట మరచిపోవచ్చును, కరెంటు పోవచ్చును. అంతేకాదు, పొగగొట్టము గల గీజరున్న గదిలో ఫ్యాను వేసినచో, అది బయటకు పోవలసిన మంటగాలిని పొగగొట్టములోనుండి తిరిగి గదిలోనికి లాగుటయు కలదు.

ఇక గ్యాసు దారి. కొనునప్పుడే యంత్రముమీద భారత ప్రమాణముల ముద్ర చూడవలెను. సిలిండరు గ్యాసుతో పనిచేయు చిన్న గీజరులకు ఐ.ఎస్. 15558 అను ప్రత్యేకమైన ప్రమాణము కలదు. ఇంటి సిలిండరు రెగ్యులేటరు గ్యాసును 30 మిల్లీబారుల ఒత్తిడికి దింపి పంపును. గీజరు దానికే తయారైనది. హోటళ్ళలోని పెద్ద పొయ్యిలకు వాడు ఎక్కువ ఒత్తిడి రెగ్యులేటరు దీనికి తగిలించరాదు. గీజరునకు ముందు, చేతికి అందునట్లు, దానికే ప్రత్యేకముగా మూయు కుళాయి ఒకటి ఉండవలెను. రబ్బరు గొట్టము ముద్ర గలది, లోపల ఉక్కు తీగె అల్లిక గలది కావలెను, పొట్టిగా, కంటికి కనబడునట్లు ఉండవలెను, అయిదేండ్లకొకసారి మార్చవలెను. రబ్బరు గొట్టమును గోడలోనుండి దూర్చుట, పలకల వెనుక దాచుట కూడదు. గోడ దాటవలసిన చోట లోహపు గొట్టమే వేయవలెను. పొయ్యికి పోవు గొట్టమును కోసి నడుమ ఒక అతుకు పెట్టి గీజరునకు దారి తీయుట చేతకాని పని కాదు గాని చేయదగిన పని కాదు.

సిలిండరు గ్యాసు గాలికంటె ఒకటిన్నర రెట్లు మొదలు రెండు రెట్ల వరకు బరువు గలది. కారినచో నేలను ప్రాకి పల్లమునకు చేరును. గాలిలో నూటికి రెండు పాళ్ళు కలిసిన చాలును, ఒక మెరుపునకు భగ్గుమనును. కాబట్టి సిలిండరును గుంటలోగాని, మురుగు తూము ప్రక్కనగాని ఉంచరాదు. అమరిక ముగిసిన పిదప ప్రతి అతుకునకు సబ్బునీటి నురుగు పూయవలెను. బుడగలు లేచిన కారుచున్నట్లు. అగ్గిపుల్ల గీసి చూచువారు ఇంకను ఉన్నారు. వారిచేత ఆ పని చేయించరాదు.

హైదరాబాదు, విజయవాడ, కాకినాడ వంటి నగరములలో గొట్టపు గ్యాసు వచ్చినది. అది గాలికంటె తేలిక, పైకి పోవును. దాని ఒత్తిడి వేరు, గ్యాసు చిమ్ము రంధ్రముల కొలత వేరు. సిలిండరు గ్యాసునకు చేసిన గీజరును గొట్టపు గ్యాసునకు అట్లే కలుపరాదు. ఇల్లు మారినను, గ్యాసు మారినను, తెలిసిన మెకానిక్కు చేత అవి మార్పించిన పిదపనే వెలిగించవలెను.

నీటి దారిలో మొదటి కాపలాదారునికి ఇబ్బంది కలుగును. రబ్బరు పొర వంగుటకు కొంత ఒత్తిడి కావలెను. మేడపై అంతస్తులో, నెత్తిమీదనే ట్యాంకి ఉన్న ఇంట, రెండు మూడు మీటర్ల ఎత్తు కూడ దొరకనప్పుడు మంట వెలుగదు. అప్పుడు కొందరు మూత విప్పి, లోని స్ప్రింగును సడలించి, సన్నని ధారకే మంట వెలుగునట్లు చేయుదురు. గృహస్థు సంతోషించును. కాని నీరు సన్నబడినప్పుడు మంటను ఆర్పుటకే ఆ స్ప్రింగు పెట్టబడినది. దానిని సడలించుట కాపలావానికి మత్తుమందు పోయుటయే. ఒత్తిడి చాలనిచోట ట్యాంకిని ఎత్తుచేయవలెను, లేదా చిన్న పంపు పెట్టవలెను. గొట్టములు క్రొత్తగా వేసినప్పుడు గీజరు తగిలించుటకు ముందే నీరు వదలి ఇసుకను, దారపు పోగులను కడిగివేయవలెను. చన్నీరు వచ్చు ద్వారమున జల్లెడ ఉండవలెను. ఒక్క ఇసుక రేణువు కవాటము నడుమ చిక్కిన అది పూర్తిగా మూసికొనదు.

అమర్చినవాడు పోవుటకు ముందు అతని యెదుటనే అయిదు పరీక్షలు చేయింపుడు. మొదటిది: కుళాయి విప్పిన రెండు మూడు సెకనులలో చప్పుడు లేక మంట అంటుకొనవలెను, ఆలస్యముగా భుగ్గుమన్నచో గ్యాసు ముందుగా చేరుకొనుచున్నదని అర్థము. రెండవది: కుళాయి కట్టిన తక్షణమే మంట ఆరవలెను. మూడవది: మంట మండుచుండగా గ్యాసు కుళాయిని మూయుడు, మంట ఆరిన కొద్ది సెకనులకు లోని కవాటము టక్కున మూసికొనిన శబ్దము వినబడవలెను. నాలుగవది: ట్యాంకినుండి వచ్చు నీటిని మూయుడు, మంట ఆరవలెను. అయిదవది: స్నానపు కుళాయివద్ద నీటి వేడిని ఉష్ణమాపకముతో కొలువుడు. స్నానమునకు 40 డిగ్రీలు చాలును. 60 డిగ్రీల నీరు పెద్దవారి చర్మమును అయిదారు సెకనులలోనే లోతుగా కాల్చును. పసిపిల్లలకు అంత కాలమును పట్టదు. ఈ అయిదింటిలో ఒక్కటి తప్పినను ఆ యంత్రమును ఒప్పుకొనరాదు. పిదప ఏడాదికొకసారి, చలికాలము రాకముందు, మెకానిక్కు చేత బర్నరును, మంటగాలి పోవు రేకుల సందులను శుభ్రపరపించి ఇవే పరీక్షలు మరల చేయించవలెను. మంట పసుపుపచ్చగా, నాలుకలు చాచుచు మండినచో వాడుట ఆపవలెను. నీలిమంట మాత్రము అభయపత్రము కాదు. మా యింట మండినది నీలిమంటయే.

అమెరికా వంటి దేశములలో నివసించు మన పిల్లల యిండ్లలో మరియొక రకము కలదు. నూరు నూటయేబది లీటర్ల నీరు పట్టు నిలువు తొట్టి, దాని అడుగున గ్యాసు మంట. వేసవి సెలవులలో అచ్చటికి పోవు తల్లిదండ్రులును ఇది తెలిసికొనుట మంచిది. ఈ రకపు పాత యంత్రములలో చిన్న పైలట్ మంట ఎల్లప్పుడు వెలుగుచుండును. రెండు వేర్వేరు లోహములను కలిపి ఒక కొసను వేడిచేసిన విద్యుత్తు పుట్టునని సీబెక్ 1821లో కనుగొన్నాడు. ఆ సూత్రముతో చేసిన థెర్మోకపుల్ అను కడ్డీ పైలట్ మంటలో నుండును. అది పుట్టించునది వోల్టులో నూటికి రెండు మూడు వంతులే. అయినను గ్యాసు కవాటమును తెరచి పట్టుకొనుటకు అది చాలును. మంట ఆరి కడ్డీ చల్లబడినచో పట్టు వీడి కవాటము మూసికొనును. పైలట్ మాటిమాటికి ఆరుచున్నదని ఆ కవాటమును నొక్కి కట్టివేయుట ఎంతటి సాహసమో చెప్పనక్కరలేదు. ఆరుటకు కారణము వెదకవలెను.

ఆ తొట్టిమీద ఒక రక్షణ కవాటమును ఉండును. నీటి వేడి 99 డిగ్రీలకు చేరినను, ఒత్తిడి చదరపు అంగుళమునకు 150 పౌనులకు చేరినను అది తెరచుకొని నీటిని బయటకు విడుచును. నీరు ఆవిరిగా మారినప్పుడు దాని పరిమాణము సుమారు 1,600 రెట్లగును. మూసిన తొట్టిలో ఆ బలమునకు మరియొక దారి లేదు. కవాటమునుండి నీటిబొట్లు కారుచున్నవని దానికి బిరడా బిగించినవారు తొట్టిని బాంబుగా మార్చినవారే అగుదురు. బొట్టు కారిన కారణము వెదకవలెను గాని దారి మూయరాదు.

ఏ దేశమందైనను, ఏ రకమందైనను నియమము ఇదే. అదుపు మొరాయించినదనిన అది మనతో ఏదో చెప్పుచున్నదన్నమాట. పొగ మన పెద్దలకు చెప్పినట్లే.

ఇంత జాగ్రత్తపడినను ఒకనాడు ఎవరైన లోపల పలుకకున్నచో ఆలోచించుచు నిలువరాదు. తలుపు పగులగొట్టి మనిషిని బయటి గాలిలోనికి తీసికొని రావలెను, గ్యాసు కట్టవలెను, 108కి ఫోను చేసి, గ్యాసు గీజరు అను మాట తప్పక చెప్పవలెను. ఊపిరి లేనిచో తెలిసినవారు కృత్రిమశ్వాస ఇయ్యవలెను. గ్యాసు వాసన వచ్చుచున్నచో దీపపు స్విచ్చులు ముట్టరాదు. 2020 తరువాత చాల యిండ్లలో వేలికి తొడిగి ప్రాణవాయువును కొలుచు చిన్న సాధనము చేరినది. దాని అంకె బాగున్నదని ఊరకుండరాదు. కార్బన్ మోనాక్సైడ్ ఎక్కిన రక్తమును అది ప్రాణవాయువు ఉన్న రక్తముగనే లెక్కించును. మామూలు గాలిలో ఆ విషము సగము దిగుటకు నాలుగైదు గంటలు పట్టును. ఆసుపత్రిలో శుద్ధమైన ప్రాణవాయువు పట్టినచో గంట, గంటన్నర. అందుచేత తెలివి వచ్చినదని ఇంట పండుకొనబెట్టక ఆసుపత్రికి తీసికొని పోవలెను. ఈ వాయువును పసిగట్టి గంట కొట్టు చిన్న అలారములు నేడు దొరకుచున్నవి. మంటగల యంత్రమున్న యింట ఒకటి ఉండుట మేలు. అదియును కాపలాదారులలో ఒకటే. చోటునకు బదులు మాత్రము కాదు.

ఆ సంక్రాంతి పోయిన వారమునకే మేము గోడ పగులగొట్టించితిమి. గీజరు బాల్కనీలోనికి పోయినది; గొట్టమునకు, కూలికి అయిన ఖర్చు మేము భయపడినంత లేదు. మంట మరల పెరటికి చేరినది. మా అక్కగారు ఇప్పటికిని మా యింటికి వచ్చినప్పుడు స్నానమునకు పోవుచు గొళ్ళెము పెట్టదు. తలుపు చేరవేసి, లోపలినుండి ఏదో ఒకటి మాటలాడుచునే ఉండును. బయటనున్నవారము ఊకొట్టుచునే ఉందుము.

మీ యింట గీజరు ఎక్కడ ఉన్నదో ఈ రాత్రియే ఒకసారి చూడుడు. స్నానపు గదిలో ఉన్నచో, దానిని మార్పించు వరకు లోపల మంట వెలిగించి స్నానము చేయవలదు. ముందుగా బకెట్టు నింపుకొని, మంట ఆర్పి, తలుపు కిటికీలు తెరచి గాలి మారనిచ్చి, పిదపనే లోనికి పొండు. మన పెద్దల ఏర్పాటు అదియే గదా. నిప్పు బయట, నీళ్ళు లోపల.